పొగాకు ప్రకటనలు - న్యాయవాదులు - బీడీకార్మికురాలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో అరుగులపైఁ గూర్చుండి, ఒడిలోఁ జాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారము చుట్టు స్త్రీలు మనకుఁ గనబడుదురు. వారు చుట్టిన బీడీ గొప్పతనమును గోడలపై వ్రాయించినది మాత్రము వారు కారు. ఈ భేదమును మనము మఱచినందుననే పొగాకు ప్రకటనల నిషేధమును గూర్చిన చర్చ తఱచుగాఁ దప్పుదారి పట్టుచున్నది.

ప్రకటనవలన మోసపోయిన బాలుఁడు తాను మోసపోయితినని యెఱుఁగఁడు; ఎఱుఁగునాఁటికి వ్యసనము బలపడియుండును. కావున వాని పక్షమున నింకొకరు న్యాయస్థానము నాశ్రయింపవలెను. అట్టి మార్గమును 1979లో కపిలా హింగొరానీ యను న్యాయవాది బీహారు ఖైదీలకొఱకు వేసిన వ్యాజ్యము చూపెను. 1981లో సుప్రీముకోర్టు, అశక్తులకొఱకుఁ బ్రజాహితము గోరు నెవ్వరైనను కోర్టునకు రావచ్చునని స్థిరపఱచెను. మురళీ దేవరా వేసిన వ్యాజ్యమున 2001 నవంబరు 2వ తేదీన బహిరంగస్థలములలో ధూమపానమును నిషేధించినదియు నా కోర్టే.

2003లో పార్లమెంటు పొగాకు చట్టమును జేసెను. అందలి 5వ సెక్షను ప్రకటనలను నిషేధించెను. అయితే అమ్మకపు దుకాణములకడ నొకింత సందు మిగిలెను. బోర్డుపై సరకు రకమే యుండవలెను గాని కంపెనీ పేరుండరాదని నియమము లేర్పడఁగా, వ్యాపారులు బొంబాయి హైకోర్టులో వ్యాజ్యము వేసి, ఆ నియమములు 2006లో నిలిచిపోవునట్లు చేసిరి. శాసనము పుస్తకములో నుండెను. దుకాణమునకు మాత్రము రాలేదు. ఏడేండ్లు గడచెను. హెల్త్ ఫర్ మిలియన్స్ అను సంస్థ పక్షమున న్యాయవాదులు సుప్రీముకోర్టు కెక్కిరి. 2013 జూలై 22వ తేదీన నా నిలుపుదల రద్దయ్యెను. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వములు చట్టమును గట్టిగా నమలు జరుపవలెనని యాజ్ఞ వెలువడెను. శాసనము చేయుట సగము పని. దానిని నిద్రింపనీయకుండుట తక్కిన సగమని యీ చరిత్ర చెప్పుచున్నది.

ఇఁక మన బీడీయూళ్ల మాట. పెట్టెలపై హెచ్చరికబొమ్మలను 2016 ఏప్రిలు నుండి 85 శాతమునకుఁ బెంచినప్పుడు, కార్మికురాలి కూడు పోవునని యజమానులు వాదించిరి. ఆమె భయము నిజమైనదే. దానిని మనము తేలికచేయరాదు. కాని యామెను డాలుగాఁ బట్టుకొన్నవారి చరిత్రయుఁ జూడవలెను. ఇండ్లలోఁ బనిచేయు స్త్రీలనుగూడఁ గార్మికులుగా నెంచి 1966లోఁ జట్టము రాఁగా, దానిని ధిక్కరించి కోర్టుకెక్కినవారు బీడీ యజమానులే. 1974లో మంగళూరు గణేశ్ బీడీ వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఆ చట్టమును సమర్థించెను. నాఁడు తమ కార్మికురాలు కాదన్నవారే నేఁడామె కొఱకుఁ గన్నీరు కార్చుట యెట్లు నమ్మఁదగును?

తెలంగాణ ప్రభుత్వము 2015లో బీడీకార్మికులకు నెలకు 1000 రూపాయల భృతి నీయ నారంభించెను. 2019లో నది 2016 రూపాయ లయ్యెను. ఇది యాసరాయే కాని, వేఱు పని కాదు. ఆమె కూఁతురికి చదువును, ఆమెకు మఱియొక వృత్తియు లభింపనిచో, నిషేధపు భారమంతయు పేదయింటిపైఁ బడును.

కావున మనము రెండు పనులు చేయవలెను. బడి యెదుటి దుకాణమున కంపెనీ పేరుగల బోర్డు కనబడినచో మౌనముగా దాటిపోక, వ్రాఁతమూలముగా నధికారుల కెఱిఁగింపవలెను. వారు కదలనిచో న్యాయవాది సాయము గోరవలెను. అట్లే కార్మికురాలి కూలికిని, వృత్తిమార్పునకును నంతే పట్టుదలతో వాదింపవలెను. ఒక తల్లి కడుపు నింపుటకై వేఱొక తల్లి బిడ్డకుఁ బొగ యలవాటు చేయవలసిన గతి పట్టనీయకుండుటయే నిజమైన సంస్కారము.