దొరల పరీక్ష నుంచి డిగ్రీ తరగతి దాకా: ఆసియా చదువుల ధ్యేయాలు

అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఆసియా అధ్యయనాల డిగ్రీ లక్ష్యాలు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. ఒక ఆసియా భాష రావాలి. ఒక ప్రాంతపు చరిత్ర, సాహిత్యం, మతం, రాజకీయాలు కలిపి తెలియాలి. చదివినదాన్ని నిలదీయడం రావాలి. ఇవి ఎవరో ఒకరు కూర్చుని ఒక్కరోజులో రాసినవి కావు. ఖర్చు పెట్టే చెయ్యి మారినప్పుడల్లా లక్ష్యమూ మారుతూ వచ్చింది.

ఈ కథలో తెలుగువాళ్లకు బాగా తెలిసిన చెయ్యి ఈస్టిండియా కంపెనీది. 1812లో మద్రాసులో సెంట్ జార్జి కోట కళాశాల వెలిసింది. కొత్తగా ఓడ దిగిన కుర్ర దొరలు అక్కడ పండితుల దగ్గర దేశభాషలు నేర్చుకుని పరీక్షలకు కూర్చునేవారు. శిస్తు లెక్కలు చూడాలి, ఫిర్యాదులు వినాలి. కంపెనీకి కావలసింది అంతవరకే. 1817లో మద్రాసు చేరిన సి.పి. బ్రౌన్ తెలుగు అక్షరాలు దిద్దింది ఇక్కడే. అయితే చదువు కంపెనీ గీసిన గీత దగ్గర ఆగలేదు. 1816లో వచ్చిన కంపెనీ ఉద్యోగి క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి మరో దొర ఎల్లిస్ ఒక పీఠిక రాశాడు. తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన పేర్చి, ఇవి సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ, ఒక్క ఇంటివనీ చూపాడు. దక్షిణాది భాషలకు వేరే కుటుంబం ఉందన్న ఎరుక శిస్తు కోసం పెట్టిన బడిలో పుట్టింది.

అమెరికాలో ఆరంభం వేరు. 1841లో యేల్‌లో సాలిస్‌బరీ అరబిక్, సంస్కృతాల ఆచార్యుడయ్యాడు. మరుసటి ఏడే అమెరికన్ ఓరియంటల్ సొసైటీ ఏర్పడింది. అక్కడ ఆసియా అంటే పాత గ్రంథాలే.

రెండో ప్రపంచయుద్ధం ఆ గ్రంథాల గది తలుపులను బతికున్న ఆసియా వైపు తెరిపించింది. 1948లో పెన్సిల్వేనియాలో నార్మన్ బ్రౌన్ దక్షిణాసియాకు ప్రత్యేక విభాగం నెలకొల్పాడు. డిగ్రీ విద్యార్థుల వైపు చూసింది మాత్రం కొలంబియా, షికాగోలు. హోమర్‌ను చదివే కుర్రాడు కన్ఫ్యూషియస్‌నూ, గీతనూ ఎందుకు చదవకూడదన్నది కొలంబియాలో ఆచార్యుడు డి బారీ పట్టుదల. షికాగో 1956లో భారతీయ, చైనా, ఇస్లాం నాగరికతలపై ఏడాది పొడవునా సాగే పాఠాలు మొదలుపెట్టింది. పండితుడు కాబోయేవాడికే కాదు, రేపు డాక్టరో ప్లీడరో అయ్యేవాడికీ ఆసియా తెలియాలన్న మాట అలా డిగ్రీ తరగతిలో అడుగుపెట్టింది.

1957 అక్టోబరులో రష్యా స్పుత్నిక్‌ను ఎగరేసింది. మరుసటి ఏడాది అమెరికా జాతీయ రక్షణ విద్యా చట్టం తెచ్చి, భాషలకు రక్షణ పేరిట డబ్బు గుమ్మరించింది. ముందు వరసలో నిలిపిన ఆరు భాషల్లో మన దేశం నుంచి హిందీ-ఉర్దూయే ఉంది. తెలుగుకు మరో దారి దొరికింది, అదీ గోధుమల మీదుగా. అమెరికా ఆహార సాయ పథకం పీఎల్ 480 కింద మనం కొన్న గోధుమలకు కట్టిన రూపాయలు ఇక్కడే పేరుకుపోయాయి. 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం ఆ రూపాయలతో తెలుగు సహా మన భాషల పుస్తకాలు కొని అమెరికా గ్రంథాలయాలకు పంపింది. మన రేషను గోధుమల సొమ్ము అక్కడ తెలుగు నవలలై అరలకెక్కింది. 1971 నుంచి విస్కాన్సిన్‌లో వెల్చేరు నారాయణరావు తెలుగు చెప్పారు.

చదివినవాళ్లే తర్వాత ఎదురు ప్రశ్న వేశారు. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ 1968లో కొందరు యువ పండితులు సంఘం కట్టి, మన చదువు ఎవరికి ఉపయోగపడుతోందని అడిగారు. 1978లో ఎడ్వర్డ్ సయీద్ పుస్తకం 'ఓరియంటలిజం' ఆ ప్రశ్నను పశ్చిమాసియా గురించి పడమటివాళ్లు రాసిన రాతలన్నిటి మీదికీ తిప్పింది. నిలదీయడం అన్న మూడో లక్ష్యానికి పదును అక్కడిది.

ఇప్పుడు అక్కడి తెలుగు తరగతుల్లో తెలుగింటి పిల్లలూ కనిపిస్తారు. ఇంట్లో అమ్మతో గడగడా మాట్లాడే అమ్మాయి బల్లమీద 'స్త్రీ' రాయాల్సి వస్తే ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోతుంది. కంపెనీకి జనం మాట కావాలి, యేల్‌కు గ్రంథం కావాలి, వాషింగ్టన్‌కు రక్షణ కావాలి. ఈ అమ్మాయికి కావలసింది తన నాలుక మీద ఉన్నదే, కాగితం మీదికి. పరాయివాళ్లను తెలుసుకోవడానికి పెట్టిన తరగతికి ఇది కొత్త పని.