పలక, బలపం, బెత్తం: దత్తమండలాల వీథిబడులలో బోధనోపకరణాలు – అభ్యసన ప్రేరణ (1822–1826)

వ్యాససంగ్రహం:
తరగతిగదిలో సాంకేతికత, విద్యార్థుల్లో ప్రేరణ అనే రెండు అంశాలను నేటి సమస్యలుగానే చర్చించడం పరిపాటి. రెండు శతాబ్దాల క్రితం దత్తమండలాల వీథిబడులలో ఈ రెండింటికీ స్థిరపడిన పద్ధతులు ఉండేవి. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823లో సమర్పించిన నివేదిక, కడప కలెక్టరు 1825లో పంపిన సమాచారం ఆధారంగా ఆ పద్ధతులను పరిశీలించి, బోధనోపకరణం సాధించినదేమిటో, సాధించలేకపోయినదేమిటో నిర్ణయించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: దత్తమండలాలు, వీథిబడి, కడితం, బలపం, క్యాంబెల్, మన్రో, ప్రేరణ, వలస.

1. ప్రవేశిక:
1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన ప్రాంతం దత్తమండలాలుగా ప్రసిద్ధి పొందింది. దీనికే 1928 నంద్యాల సభలో రాయలసీమ అనే పేరు వచ్చింది. ఈ మండలాలకు తొలి ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, మద్రాసు గవర్నరు అయిన తరువాత, 1822 జూన్ 25న ప్రతి జిల్లాలోని బడుల వివరాలు సేకరించవలసిందిగా ఆదేశించాడు. ఆ సమాచారాన్ని క్రోడీకరించి 1826 మార్చి 10న రాసిన మినిట్‌లో మద్రాసు రాజధాని మొత్తం మీద 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్లు పేర్కొన్నాడు.

కర్నూలు 1839 వరకు నవాబుల ఏలుబడిలో ఉన్నందున ఆ పేరుతో నివేదిక లేదు. అయితే నేటి కర్నూలు జిల్లా పశ్చిమభాగమైన ఆదోని, ఆలూరు తాలూకాలు అప్పుడు బళ్ళారి జిల్లాలోనివి. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు అవి కర్నూలులో చేరాయి. కనుక క్యాంబెల్ నివేదిక కర్నూలు విద్యాచరిత్రకు కూడా ఆధారమే.

2. బడులు – పిల్లలు:
1823 ఆగస్టు 17 నాటి నివేదిక ప్రకారం బళ్ళారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారు. బడులలో 235 కన్నడం, 226 తెలుగు నేర్పేవి. మిగిలినవి మరాఠీ, సంస్కృతం, పారశీకం, తమిళం, ఇంగ్లీషు బడులు. హిందూ బాలురలో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, ఇతర కులాలవారు 1,174 మంది. బాలికలు 60 మంది మాత్రమే. కడప జిల్లాలో 494 బడులు, 5,892 మంది విద్యార్థులు ఉన్నారు. రెండు జిల్లాలలోనూ సగటున ఒక్కో బడికి 12 మందే. ఈ చిన్న సంఖ్యను గుర్తుంచుకుంటేనే అక్కడి బోధనాపద్ధతి అర్థమవుతుంది.

ఈ అంకెలకు పరిమితులు లేకపోలేదు. ఇళ్ళలో సాగిన చదువు వీటిలో పూర్తిగా చేరలేదు. పైగా లెక్కించినది కంపెనీ అధికారయంత్రాంగం.

3. ఉపకరణాలు:
క్యాంబెల్ 1816లో తెలుగు వ్యాకరణాన్ని, 1821లో నిఘంటువును ప్రచురించిన భాషావేత్త. అందువల్ల అతని వర్ణనలో పన్నుల అధికారికి సాధారణంగా పట్టని వివరాలు కనిపిస్తాయి. పిల్లవాడు మొదట నేలమీది ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాడు. తరువాత తాటాకు, గంటం; లేదా కాగితం, కలం. ఈ జిల్లాలలో అన్నింటికంటే ఎక్కువగా వాడుకలో ఉన్నవి పలక, కడితం. ఒక అడుగు వెడల్పు, మూడు అడుగుల పొడవు గల చెక్కను చిత్రికపట్టి, అన్నంతో కలిపిన బొగ్గుపొడి పూస్తే పలక సిద్ధం. గుడ్డకు గంజి పెట్టి, పుస్తకంలా మడతలు వేసి, బొగ్గును బంకలతో కలిపి పూస్తే కడితం. బలపంతో రాసి, తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ రాయవచ్చు.

ఇందులో గమనించదగినవి మూడు. ముడిసరుకు అంతా ఊరిలోనే దొరుకుతుంది. పాడైతే ఊరిలోనే బాగుచేసుకోవచ్చు. అన్నింటికంటే ముఖ్యంగా, తప్పు రాస్తే తుడిచివేయవచ్చు గనుక పిల్లవాడి చేయి ఎప్పుడూ పనిలో ఉంటుంది.

పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు నేర్పే ఏర్పాటు కూడా ఉండేది. ఒకే అయ్యవారు వేర్వేరు స్థాయిల పిల్లలకు బోధించగలగడానికి కారణం ఇదే. మద్రాసు ఎగ్మోరు అనాథాశ్రమంలో 1789 నుండి పనిచేసిన ఆండ్రూ బెల్, దేశీయ బడులలో ఇసుకరాతను చూసి తన పాఠశాలలో ప్రవేశపెట్టి, 1797లో ఆ ప్రయోగాన్ని లండన్‌లో ప్రచురించాడు. దేశీయ పద్ధతిలోని పొదుపును, పిల్లలతో పిల్లలకు చెప్పించే విధానాన్ని క్యాంబెల్ మెచ్చుకుంటూ, ఇంగ్లండు దానిని అనుకరించడం సముచితమేనన్నాడు.

4. ప్రేరణ:
బడి ఉదయం ఆరుగంటలకు ప్రారంభం. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు రాసేవారు. రెండవవాడికి సున్న, అంటే మెప్పూ లేదు, నిందా లేదు. మూడవవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవాడికి రెండు. ఆపై వచ్చినవారికి ఒక్కొక్కటి అదనం. చదవని పిల్లలను కోదండం వేయడం, గుంజీలు తీయించడం వంటి శిక్షలూ ఉండేవి.

ఈ పద్ధతి హాజరును పోటీగా మార్చింది. కాని అది మెచ్చినది తొందరగా రావడాన్నే గాని నేర్చుకోవడాన్ని కాదు. పన్నెండుమంది ఉన్న బడిలో మెప్పు దక్కేది ఒక్కడికి, దెబ్బలు పదిమందికి. తెల్లవారుజామున పశువులను తోలవలసిన పిల్లవాడు, దూరపు వీధి పిల్లవాడు పందెం మొదలుకాకముందే ఓడిపోయినట్లే.

కడప సమాచారంలో దీనికి భిన్నమైన ప్రేరణ కనిపిస్తుంది. పది నుండి పదహారేళ్ళ వయసులో పేద బ్రాహ్మణ బాలురు ఇల్లు విడిచి, పది మొదలు వంద మైళ్ళ దూరంలోని గురువుల వద్దకు వెళ్ళేవారు. గురువు ఉచితంగా చదువు చెప్పినా, తానూ పేదవాడే కావడంతో భోజనం పెట్టలేకపోయేవాడు. పరిసర గ్రామాల భిక్షే వారికి జీవనాధారం. ఇక్కడ ప్రేరణకు మూలం విద్యను సమాజం గౌరవించి పోషించడం. అయితే ఆ అండ ఒక్క కులానికే పరిమితమైంది.

5. అర్థంకాని పాఠం:
ఉపకరణాన్ని మెచ్చిన క్యాంబెల్ పాఠ్యాన్ని విమర్శించాడు. పిల్లలు వల్లెవేసే కావ్యభాషకు, వారు మాట్లాడే భాషకు పొంతన లేదు. వాటి అర్థం చాలామంది అయ్యవార్లకే తెలియదు. అక్షరాలను చేతితో దిద్ది నేర్చుకున్న పిల్లవాడు, పద్యం దగ్గరకు వచ్చేసరికి కేవలం ధ్వనిని మోసేవాడయ్యాడు. అంటే ఒకే బడిలో చేతికి పని దొరికింది, బుద్ధికి దొరకలేదు.

6. బడికి రాని పిల్లవాడు:
దాదాపు పదిలక్షల జనాభాలో బడిలో ఉన్నవారు ఏడువేలమందికి లోపే. దీనికి క్యాంబెల్ చెప్పిన కారణం ఆర్థికం. ఐరోపా వస్తువుల దిగుమతితో చేతివృత్తులవారి రాబడి తగ్గింది. మధ్య, దిగువ తరగతుల కుటుంబాలు బడి ఖర్చు భరించలేక, పిల్లలను ఊహ తెలియగానే పనిలో పెట్టాయి. ఒకప్పుడు బడులున్న చాలా గ్రామాలలో అవి మూతపడ్డాయి. పలక ఖరీదైనందువల్ల ఆ బడులు మూతపడలేదు. 

7. ముగింపు:
2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబుల పంపిణీ మొదలైంది. ఆ తరువాత తరగతిగదులలోకి డిజిటల్ తెరలు వచ్చాయి. 1823 నాటి ఆధారాలు వీటికి మూడు ప్రశ్నలు వేస్తాయి. తెరమీద కదిలేది ఉపాధ్యాయుని వేలా, పిల్లవాడి వేలా? కనబడే పాఠం పిల్లవాడి భాషకు అందుతుందా? ముందున్నవాడిని మెచ్చే పద్ధతిలో వెనుకబడినవాడికి స్థానం ఎక్కడ?

వీటికంటే ముందడగవలసిన ప్రశ్న మరొకటుంది. ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల కుటుంబాలు ఖరీఫ్ పంట ముగియగానే మిరపకోతలకు, పత్తితీతకు గుంటూరు వైపు సుగ్గికి పోతాయి. పిల్లలూ వారి వెంటే పోతారు. రెండు శతాబ్దాల క్రితం క్యాంబెల్ ఇదే నేలమీద చూసిన పేదరికపు లెక్క ఇంకా పూర్తిగా తీరలేదు. ఉపకరణం బడిలో ఉన్న పిల్లవాడి చేతికి పని ఇవ్వగలదు. అతనిని బడిలో నిలబెట్టవలసినది ఊరిలో అతని కుటుంబానికి దొరికే పని, వలసకాలంలో అతనికి ఆశ్రయమిచ్చే హాస్టలు. ఈ రెండూ లేనిచోట తెర ఎంత వెలిగినా, ఎదుటి బల్ల ఖాళీగానే ఉంటుంది.