పూటకూటి యిల్లు - సరిపంక్తి

క్రొత్త పట్టణమునకు పోయినవాడు కోటను చూచును, గుడిని చూచును, అంగడివీథిని చూచును. మధ్యాహ్నమగునప్పటికి వానికి ఆకలి వేయును. అచ్చట బంధువులు లేరు. తనదియని చెప్పుకొన పొయ్యి లేదు. ఆ నగరము వానికి ఏమి పెట్టినది, ఎక్కడ కూర్చుండబెట్టినది, ఎవ్వరి సరసను కూర్చుండనిచ్చినది యను ప్రశ్నలు అప్పుడు పుట్టును. రాజుల వంశావళులను బాలురచే వల్లెవేయించు చరిత్ర గ్రంథములు ఈ ప్రశ్నల నడుగుట అరుదు. మేమీ వ్యాసమున వానినే కొంత విచారింపదలచితిమి.

మన సారస్వతమున ఇట్టి బాటసారుల కథ యొకటి కలదు. అది వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామము. శ్రీనాథుని కృతియే యని వాదించిన పండితులును కలరు. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము దీనికి మూలము. గోవింద మంచనశర్మ యను బ్రాహ్మణుడును, టిట్టిభసెట్టి యను వైశ్యుడును ఓరుగంటి వీథులలో దినమంతయు సంచరింతురు. ఏకవీర గుడిని, మైలారుని వీరభటుల సాహసములను, పల్నాటి వీరుల కథ పాడు స్త్రీని, కోడిపందెమును, పొట్టేళ్ల పోరును, పాములవానిని చూతురు. కాకతీయ రాజ్యము 1323లో కూలినది. తెలుగు కృతి పదునైదవ శతాబ్దిదని పలువురి అభిప్రాయము. కావున కవి మనకు చూపునది జనుల స్మృతిలో నిలిచిన నగరము. అయినను స్మృతి యేమేమి దాచుకొన్నదో తెలిసికొనుటయు చరిత్రయే.

ఆ స్మృతి దాచుకొన్నవానిలో భోజనమొకటి. లక్ష్మణవజ్ఝల యింట రూక యిచ్చినచో కర్పూరభోగి బియ్యపు టన్నము, గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడు కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు లభించునట. ఇది పూటకూళ్ల యిల్లు. అతిథిని దైవముగా భావింపుమని శ్రుతి చెప్పినది. కాని వేలకొలది పరదేశులు వచ్చిపోవు నగరమున ప్రతి గృహస్థుడు ప్రతి యతిథిని పోషింపజాలడు. అందుచేత అన్నమునకు వెల యేర్పడెను. ధర్మము క్షీణించుటచే ఇది కలిగెనని విచారింప నక్కరలేదు. వర్తకము పెరిగిన దేశమున నిది సహజము. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి శాసనమున సముద్రవర్తకులకు అభయమిచ్చి, నిర్ణీతమైన సుంకము తప్ప వారి సొత్తు నపహరింపమని మాట యిచ్చెను. దారి నిర్భయమైనగాని బాటసారి రాడు. బాటసారి రానిది పూటకూళ్ల యిల్లు నిలువదు.

అయితే రూక అందరికిని ఒకే వాకిలి తెరచినదా? ఆ గృహస్వామి పేరే అది బ్రాహ్మణ గృహమని చెప్పుచున్నది. రూక లేనివాడు ఎక్కడ తినెను? రూక యుండియు కులము చాలనివాడు ఎక్కడ తినెను? వారికి కవి ఆ యింట విస్తరి వేయలేదు.

ఆ విస్తరికై మనము వేరొక చోట వెదకవలెను. గుంటూరు సీమలోని మందడము చెంత మల్కాపురమున 1261 నాటి శాసనమొకటి కలదు. రుద్రమదేవి కాలమున విశ్వేశ్వరశంభువను శైవాచార్యుడు అచ్చట మఠమును, విద్యాస్థానమును, ఆరోగ్యశాలను, ప్రసూతిశాలను, అన్నసత్రమును నెలకొల్పెను. బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు వచ్చినవారి కెల్లరకు అన్నము పెట్టవలెనని ఆ శాసనము విధించుచున్నది. అన్నము పెట్టుట యొకటి, సరిపంక్తిని కూర్చుండబెట్టుట వేరొకటి యని ఎవరైన ఆక్షేపింపవచ్చును. నిజమే. కాని ఆకలికి కులము లేదని మనదేశమున శిలపై చెక్కినవారు ఏడున్నర శతాబ్దులకు పూర్వమే యుండిరి. సంస్కరణము సముద్రముల కావలినుండి దిగుమతియైన సరకని పలుకువారికి ఈ రాతిని చూపవలెను.

ఇక చెన్నపట్టణము చూతము. 1639లో దామర్ల వేంకటాద్రి నాయకుని వలన ఇంగ్లీషు వర్తకులు సంపాదించిన ఇసుకతీరము, తిరువల్లిక్కేణి, ఎగ్మూరు, నుంగంబాకము మున్నగు గ్రామములను ఒకటొకటిగ కలుపుకొని మహానగరమైనది. నేటికిని అచ్చట తిరుగువానికి ఒక పట్టణమున కాక, చేతులు కలిపిన అనేక గ్రామములలో తిరుగుచున్నట్లు తోచును. 1953 వరకు అదియే తెలుగువారికిని రాజధాని. విశ్వవిద్యాలయము 1857లోను, హైకోర్టు 1862లోను ఏర్పడినవి. విద్యార్థులు పరీక్షలకు, కక్షిదారులు వ్యాజ్యములకు పోయిరి. 1856లో రాయపురమునుండి రైలు, 1895లో ట్రాము నడువసాగెను. రైలుపెట్టెలో కులములు భుజములు రాచుకొని కూర్చుండెను. బండి దిగి కాఫీహోటలులో అడుగిడినంతనే మరల విడిపోయెను. బ్రాహ్మణులకు వేరు గది, ఇతరులకు వేరు గది, పంచములకు వాకిలియే లేదు. ట్రాములో వాని అణా చెల్లినది; హోటలులో ఆ అణాయే చెల్లకపోయెను.

వర్తకము దానంతట నది గోడలను కూల్చునని నమ్మువారికి ఇది గుణపాఠము. గోడ వలన లాభము వచ్చునంతకాలము వర్తకుడు గోడకు సున్నము వేయుచునే యుండును. రైల్వే భోజనశాలలలోని భేదము 1941లో తొలగినది ఆందోళనము వలన. పూటకూళ్ల యిండ్లలోను, హోటళ్లలోను, దుకాణములలోను జాతి, కుల భేదముచే ఎవరిని అడ్డగింపరాదని 1950లో అమలైన రాజ్యాంగము 15వ అధికరణమున శాసించెను. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము శిక్షను చేర్చెను. అయినను 1957లో తిరువల్లిక్కేణిలోని యొక హోటలు ఫలకముపై ‘బ్రాహ్మణ’ పదమును తొలగింపుడని పెరియారు అనుచరులు నెలల తరబడి నిలువవలసివచ్చెను. మరుసటి సంవత్సరమే ఆ పదము తొలగెను.

ఆ నగరముననే వేరొక ధారయు కలదు. 1782లో యుద్ధముతో కరవు తోడై వచ్చినప్పుడు మణియకారుని సత్రమున గంజి పోసిరి. ఆ సత్రమునుండి పెరిగిన ఆసుపత్రిని, దానికి స్టాన్లీ యను పేరు వచ్చిన పిదపను, జనులు గంజితొట్టి ఆసుపత్రి యనియే పిలిచిరి. 2013లో నగరపాలక సంస్థ రూపాయికొక ఇడ్లీ పెట్టు భోజనశాలలను తెరచెను. ఆ వరుసలో నిలుచున్నవానిని నీ కులమేమని ఎవ్వరు నడుగలేదు. ఓరుగంటి రూక సాధింపలేనిది ఆ రూపాయి సాధించినది. దాని వెనుక చట్టమును, పోరాటమును నిలిచియున్నవి.

ఫలకములు పోయినవి. కాని పల్లెలలో కొన్ని టీ దుకాణములయందు రెండు గ్లాసుల యాచారము ఇంకను వినవచ్చుచున్నది. పట్టణపు గృహములలో పనిమనిషి త్రాగు లోటా వేరుగ బోర్లించియుండును. హోటలు గోడను చట్టము కూల్చగలదు గాని, వంటింటిలోని ఆ లోటాను ఇంటివారే తీయవలెను. ఈ వ్యాసము చదివిన పాఠకులు, పాఠకురాండ్రు నేటి సాయంకాలము తమ వంటింటి బీరువా నొకసారి తెరచి చూతురుగాక.