తాలీం అంటే బడి ఒక్కటేనా?



పోయిన జుమా నాడు నంద్యాలలో నమాజ్ అయ్యాక ఆళ్లగడ్డ దోస్త్ ఒకాయన కలిశాడు. చాయ్ తాగుతూ బిడ్డ సంగతి ఎత్తాడు. కుస్తీ నేర్చుకుంటోందంట. బలముంది, దావ్‌లూ వచ్చు. "కానీ భాయ్, ఎదుటి పిల్ల మీదికొచ్చేదాకా ఇది కదలదు. జిగర్ లేదు. పైగా ఖాందాన్‌లో అందరూ ఆడపిల్లకు కుస్తీ ఏందని నన్నే తిడుతున్నారు."

నేను పహిల్వాన్‌ను కాను. తెలిసింది కొంచెం తవారీఖ్, అదే చెప్పాను.

ఉర్దూ బడిలో నాకు తాలీం అంటే చదువు. తెలుగు డిగ్రీకి వచ్చాక తాలింఖానా అంటే కసరత్తు చేసే చోటని తెలిసింది. మన దక్కన్‌లో కుస్తీ నేర్పే జాగాకు పేరే తాలీం. అంటే జిగర్ కూడా నేర్చుకునే సబఖే. మన సీమ బండలాగుడు పోటీల్లో పాలపళ్ల కోడెలను తెచ్చి పెద్ద ఎడ్ల బండకు కట్టరు కదా!

గామా పహిల్వాన్‌నే చూడండి. 1910లో లండన్ వెళ్తే, పొట్టివాడని పోటీలోకి రానివ్వలేదంటారు. ఆయన బహిరంగంగా సవాల్ విసిరాడు: ఏ బరువువాళ్లైనా సరే, అరగంటలో ముగ్గుర్ని పడగొడతానని. ఉత్త గొప్పలనుకున్నారు. కానీ ఆ మాట వెనక రోజూ తీసిన వేల బైఠక్‌లు, దండ్‌లు ఉన్నాయి. సెప్టెంబర్ 10న పోలండ్ మల్లుడు జిబిస్కో మొదట్లోనే కిందపడి, చాపను కరుచుకుని, రెండున్నర గంటలు లేవలేదు. గామా దాడి ఆపలేదు, చిత్ చేయనూ లేకపోయాడు. వారం తర్వాత మళ్లీ తలపడాల్సిన రోజున జిబిస్కో రానేలేదు. 1928లో పటియాలాలో ఇద్దరూ మళ్లీ ఎదురైతే నిమిషం కూడా పట్టలేదు. అప్పటికి గామాకు యాభై దగ్గర.

ఇది చాలామందికి తెలిసిన కిస్సానే. హమీదా బానూ పేరు మాత్రం మన ఇళ్లలో ఎవరూ ఎత్తరు.

మీర్జాపూర్ పహిల్వాన్ల ఖాందాన్‌లో పుట్టింది. ఆడదానితో కుస్తీ ఏందని అక్కడి మగవాళ్లు ఒప్పుకోలేదు. అలీగఢ్ వెళ్లి సలామ్ పహిల్వాన్‌కు షాగిర్ద్ అయింది. 1954లో ఆమె చేసిన ఏలాన్ అఖ్బార్లకెక్కింది: కుస్తీలో నన్ను ఓడించినవాడితో నికాహ్. పటియాలా పహిల్వాన్ ఒకడు, కలకత్తావాడు ఒకడు ఓడిపోయారు. మే నెలలో బరోడాలో ఛోటే గామా అనే ఆయన తలపడాల్సింది, ఆడదానితో ఆడనని ఆఖరి ఘడియలో తప్పుకున్నాడు. బదులొచ్చిన బాబా పహిల్వాన్ 1 నిమిషం 34 సెకన్లలో ఓడిపోయాడు.

దంగల్‌లో గెలిచినా బయట ఊరుకోలేదు. పూనాలో కుస్తీ సంఘం అడ్డుపడి ఒక పోటీ రద్దయింది. గెలిచిన చోటే జనం గోల చేసి రాళ్లు రువ్వారు. ఆమె కుస్తీలు ముందే మాట్లాడుకున్నవని రాసినవాళ్లూ ఉన్నారు. ఆ జమానాలో అలాంటివి జరిగేవి, కాదనను. అయితే అదే అనుమానం మగ పహిల్వాన్ల మీద ఇంత జోరుగా ఎందుకు రాలేదో కూడా అడగాలి.

"మరి నా బిడ్డకు ఏం చెప్పమంటావు?" అన్నాడు దోస్త్.

కోపం తెచ్చుకో, అరువు అని మాత్రం చెప్పకు అన్నాను. ఉస్తాద్‌తో మాట్లాడు. రోజూ జోర్ చేసేటప్పుడు మొదటి పట్టు బిడ్డే పట్టాలని షర్త్ పెట్టమను. ముందు తనకంటే చిన్నవాళ్లతో, తర్వాత సమానమైనవాళ్లతో. పట్టు తప్పి పడితే ఎవరూ నవ్వకూడదు. నువ్వు కూడా.

రాత్రి ఫోన్ చేశాడు. బిడ్డకు హమీదా బానూ ఫోటో చూపించాడంట. "ఈమె ఎత్తెంత అబ్బా?" అని అడిగిందంట.

ఐదడుగుల మూడంగుళాలు అని చెప్పాను.