నంద్యాల, ఆళ్లగడ్డ సీమలలో సంసారపు లెక్కలు

ధాత కరవు మాట వినని ఇల్లు మన సీమలో అరుదు. 1876–78 నాటి ఆ క్షామములోనే, ఒక మనిషి బ్రతుకుటకు దినమునకు ఎంత తిండి కావలెనను ప్రశ్న ప్రభుత్వ కాగితములలో పెద్ద వివాదమైనది. 1877 జనవరిలో రాజప్రతినిధి లిట్టన్ పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరవు పనులలో మన్ను మోయు పురుషునకు దినమునకు ఒక పౌను గింజలు, దానిపై ఒక అణా చాలునని నిర్ణయించెను. పౌను అనగా నేటి తూకములో 450 గ్రాములకు కొంచెము ఎక్కువ. చెన్నపట్నపు ప్రభుత్వములో ప్రజారోగ్యమును చూచు డాక్టరు కార్నిష్ దీనిని గట్టిగా ఎదిరించెను. కాయకష్టము చేయు దేహమునకు ఆ గింజ చాలదనియు, పప్పు మొదలగునవి కూడ ఉండవలెననియు ఆయన వాదము. కొన్ని నెలలకు కూలి పెంచిరి. కాని అప్పటికే జనము క్షీణించి యుండెను. 1871 జనాభా లెక్కలో 9 లక్షలు దాటియున్న కర్నూలు జిల్లా, 1881 నాటికి సుమారు నాలుగవ వంతు జనమును కోల్పోయినది.

అంతకు పదేండ్లకు ముందు, 1866 కరవులో, ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు ఆకలిగొన్న వారికి అన్నము పెట్టించిరి. ఆయనను గూర్చి జనులు పాటలు కట్టి పాడుకొనిరి. ఆ ఇంట ఎవరికెంత పెట్టవలెనని తూచిన వారున్నట్లు ఏ పాటయు చెప్పదు!

అధికారి నిర్ణయించుట మాని, సంసారమునే అడిగి తెలిసికొను పద్ధతి దేశవ్యాప్తముగ స్థిరపడినది స్వాతంత్ర్యానంతరమే. మహలనోబిస్ పండితుని ప్రేరణతో జాతీయ నమూనా సర్వే 1950లో ఆరంభమైనది. ఎంపిక చేసిన ఇండ్లకు పోయి బియ్యము, జొన్న, నూనె, ఉప్పు, వంటచెరకు, బట్టలు, మందులు, ఒక్కొక్కటిగా అడుగుదురు. తన చేని జొన్నలు తిను రైతు "దానికి ఖర్చేమున్నది?" అనును. సర్వేవారు దానికిని కళ్లము వద్ద పలుకు ధర కట్టి వ్రాసికొందురు. ఈ పద్ధతి న్యాయమైనదే; లేనిచో జొన్న పండించి తిను ఇల్లు, బియ్యము కొని తిను ఇంటికంటె పేదదిగా కనబడును.

2022–23 సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్ పల్లెలలో తలకు నెలసరి వ్యయము 4,870 రూపాయలు. దేశపు పల్లెల సగటు 3,773. ఇది విని సంతోషింపవచ్చును. అయితే ఇది రాష్ట్రమంతటి సగటు. కె.సి. కాలువ క్రింద వరి పండించు నంద్యాల రైతునకును, వాననే నమ్మిన ఆళ్లగడ్డ మెట్టరైతునకును ఇందులో వేర్వేరు గళ్లు లేవు.

ఇంకొక చిక్కు కలదు. వ్యయపు లెక్క అప్పును చూపదు; అప్పు తెచ్చి పెండ్లి చేసినను, వైద్యము చేయించినను అది వ్యయమే. అప్పును వేరే అడుగుదురు. 1951–52 గ్రామీణ పరపతి సర్వేలో, దేశమున రైతులకు దొరకిన అప్పులో సహకార సంఘముల వంతు నూటికి మూడే యని తేలినది. 2019లో వ్యవసాయ కుటుంబములను అడిగినపుడు, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93 ఇండ్లు అప్పులో నుండెను. ఇంటికి సగటు బాకీ 2,45,554 రూపాయలు. రాష్ట్రములన్నిటిలో అదియే మిక్కిలి.