కొంపల్లి అడవి తరఫున మాట్లాడిందెవరు?

సర్వే నంబరు 171. ఒకప్పటి వరంగల్ జిల్లాలోని కొంపల్లి గ్రామం. వివాదం 106 ఎకరాల చిల్లర మీద.

1971లో ఆ భూమి రిజర్వు ఫారెస్టని గెజిట్ వెలువడింది. అటవీ చట్టం 15వ సెక్షన్ కింద వచ్చే ఈ ప్రకటనే ఆఖరి మెట్టు. అంతకుముందు 4వ సెక్షన్ కింద హద్దులు ప్రకటిస్తారు. ఫారెస్ట్ సెటిల్‌మెంట్ అధికారి ఊళ్ళో తెలియపరిచి, ‘ఇందులో నాకు హక్కుంది’ అనేవాళ్ళను గడువులోగా రమ్మంటాడు, విచారిస్తాడు. మాట్లాడవలసిన వేళ అదే.

1981లో ఒకాయన సర్వే అధికారులకు అర్జీ పెట్టుకున్నాడు. నా పట్టా భూమిని పొరపాటున అడవిలో కలిపేశారు, సరిచేయండి అని. 1985లో దావా వేశాడు. 1994లో హక్కు ఆయనదేనని కింది కోర్టు చెప్పింది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళింది. అది తేలడానికి 2018 దాకా పట్టింది: ఉమ్మడి హైకోర్టు అది అడవేనంది. వాది కన్నుమూశాడు, వ్యాజ్యాన్ని వారసులు అందుకున్నారు. 2021లో రివ్యూ పిటిషన్ మీద తీర్పు తిరగబడి, భూమి మళ్ళీ వాళ్ళదైంది.

ప్రభుత్వం సుప్రీంకోర్టు తలుపు తట్టింది. నన్ను కలచివేసే ఘట్టం ఇదే. అడవిని కాపాడమని వెళ్ళిన ప్రభుత్వం తరఫునే, భూమి ప్రైవేటు వ్యక్తులదని ఒప్పుకునే అఫిడవిట్ దాఖలైంది! చెట్టు వచ్చి సాక్ష్యం చెప్పదు. దాని తరఫున సంతకం పెట్టవలసిన చేతులే ఎదుటి పక్షానికి రాసిచ్చాయి.

2024 ఏప్రిల్ 18న జస్టిస్ ఎం.ఎం. సుందరేశ్, జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి తీర్పు చెప్పారు. రివ్యూ పేరుతో కేసును మళ్ళీ మొదటినుంచి విచారించడం చెల్లదన్నారు. సర్వే రికార్డు దిద్దినంత మాత్రాన యాజమాన్య హక్కు పుట్టదన్నారు. రివ్యూ ఉత్తర్వు రద్దయింది. ప్రభుత్వానికీ, వాది వారసులకూ చెరి 5 లక్షల రూపాయల ఖర్చులు విధించారు. ఆ అఫిడవిట్ల వెనకున్న అధికారులపై విచారణ జరిపి, సొమ్ము వాళ్ళ దగ్గర రాబట్టుకునే స్వేచ్ఛ ప్రభుత్వానికిచ్చారు.

ఎక్కడో వరంగల్ గొడవ మన సబ్బవరానికెందుకని అనుకోవద్దు. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ మండలం విశాఖ నీడలోనే పెరుగుతోంది. కొండవాలు భూములకూ కొనేవాళ్ళున్నారు. దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నదీ ఇక్కడే. కానీ చట్టం తెలియవలసింది విద్యార్థులకే కాదు, కొండ అంచున గట్టు వేసుకున్న రైతుకూ.

ఆ రైతు నిజంగానే నష్టపోయి ఉండవచ్చు. అటవీ హద్దు తప్పుగా గీసిన చోట అతని గోడు వినాల్సిందే, అదీ అతను బతికుండగా. అందుకే అమ్మేవాళ్ళయినా, కొనేవాళ్ళయినా అడంగల్ నకలు ఒక్కటి పట్టుకుని నిశ్చింతగా ఉండొద్దు. ఆ భూమి సర్వే నంబరు నిషేధిత భూముల 22ఏ జాబితాలో ఉందేమో చూడాలి. అటవీ గెజిట్‌లోని హద్దుల వివరణను సర్వే కొలతలు చూపే ఎఫ్.ఎం.బి. పటంతో సరిపోల్చాలి. తేడా ఉంటే రెవెన్యూ, అటవీ శాఖలు కలిసి జాయింట్ సర్వే చేయాలని రాతపూర్వకంగా కోరాలి. ఇద్దరు సర్వేయర్లూ ఒకే రోజు వచ్చి, ఒకే రాయి దగ్గర నిలబడి కొలవాలి. ఆ కొలతల పంచనామా నకలు చేతికొచ్చాకే బయానా మాట.