బెజవాడ పందిళ్ళలో తిరిగిన చిన్న ప్లేట్లు

మా బెజవాడకి సినిమా పాట వీధిలోంచి వచ్చింది. గ్రామఫోను కొనుక్కుని ముందుగదిలో పెట్టుకోగలిగినవాళ్ళు గవర్నరుపేటలోనూ గాంధీనగరంలోనూ కొద్దిమందే ఉండేవారు: పేరున్న వకీళ్ళు, డాక్టర్లు, సినిమా పంపిణీ ఆఫీసుల పెద్దలు. మిగిలిన ఊరంతా, అంటే వన్‌టౌన్ కొండమీద మెట్ల ఇళ్ళలో ఉన్నవాళ్ళు, కృష్ణలంకవాళ్ళు, కాలవగట్ల పక్క కాపురాలు, అందరూ పాటని హారన్లలోంచే విన్నారు. పెళ్ళి పందిరి, శ్రీరామనవమి పందిరి, దసరా రద్దీ, ఆట మొదలవకముందు సినిమాహాలు కప్పుమీది మైకు, ఇవీ మా ఊరి సంగీత సభలు.

అందువల్ల ఇక్కడ పాత రికార్డులు పోగుచేసేవాడికి అద్దాల బీరువాలో భద్రంగా దాచిన సరుకు దొరకదు. ఊరూరా పందిళ్ళు తిరిగి, ఎండకి వంగి, గీతలు పడి, అట్టల నిండా పెన్సిలు రాతలతో ఉన్న ప్లేట్లు దొరుకుతాయి. నేను ఏళ్ళ తరబడి వెతికి తెచ్చుకున్నవి అవే, ముఖ్యంగా ఏడంగుళాల చిన్న ప్లేట్లు. వాటిలో పాట ఎంత ఉందో ఊరి చరిత్ర కూడా అంత ఉందని నా నమ్మకం. ఆ నమ్మకం ఎందుకు కలిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చిన్న ప్లేటుకి ముందు పెద్ద నల్ల ప్లేటు ఉండేది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన నాటినుంచి 1970 ప్రాంతం దాకా నడిచిన 78 చుట్ల రికార్డు అదే. లక్కలో రాతిపొడి కలిపి అచ్చువేసేవారు. చేయిజారితే ముక్కలే. పక్కకి మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పట్టేది. రాగం తీస్తూ ఎంతసేపైనా సాగదీసే మన నాటక పద్యానికి ఆ మూడు నిమిషాలు పెద్ద ఇరుకు. అయినా తెలుగువాళ్ళు ఇష్టంగా కొనుక్కున్న తొలితరం ప్లేట్లలో నాటక పద్యాలదే పెద్దవాటా. స్థానం నరసింహారావు, కపిలవాయి రామనాథశాస్త్రి లాంటివాళ్ళ గొంతులు నాటకం ఆడని ఊళ్ళకి కూడా అలాగే చేరాయి. మైలవరం రాజావారి నాటక సమాజం ఆటలు చూసిన ఊరు మాది. ఇక్కడివాళ్ళకి పద్యం ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ దించుకోవాలో ముందే తెలుసు. ప్లేటులో కుదించిన పద్యం వింటూ మిగతాది వాళ్ళే నోటితో పూరించుకునేవారని మా పెద్దలు చెప్పేవారు.

కుక్కబొమ్మ కంపెనీ (హెచ్.ఎం.వి.) ప్లేట్లు కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో అచ్చయ్యేవి. ఓడియన్ వాళ్ళవి మద్రాసులో సరస్వతీ స్టోర్సు ద్వారా వచ్చేవి. ఆ స్టోర్సు నడిపిన మెయ్యప్పన్ గారే తరవాత ఏవీఎం స్టూడియో కట్టారు. ప్లేట్లు అమ్ముతూ జనం ఏ పాట అడుగుతున్నారో గమనించిన మనిషి సినిమాలు తీశారన్నమాట. మన సినిమాల్లో పాటలు అన్నేసి ఎందుకున్నాయని అడిగేవాళ్ళు ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇక మైకుసెట్టు కొట్టు. మా ఊరి పాటల చరిత్రకి కేంద్రం ఇదే. ఇంతవరకూ దీన్నిగురించి ఎవరూ సరిగ్గా రాయలేదన్నది నా బాధ. ఒక గది, గోడకి తగిలించిన రేకు హారన్లు, ఒక మూల అహూజా యాంప్లిఫయరు, కరెంటు లేని ఊళ్ళకోసం కారు బ్యాటరీలు, చెక్కపెట్టెల నిండా ప్లేట్లు. పెళ్ళివారు వచ్చి ఎన్ని హారన్లు కావాలో చెప్పి బయానా ఇచ్చేవారు. ముహూర్తాల నెలల్లో ఒక్కో కొట్టునుంచి రెండు మూడు సెట్లు ఉయ్యూరుకో గన్నవరానికో మైలవరానికో బండెక్కేవి. సెట్టుతోపాటు ఒక ఆపరేటరు వెళ్ళేవాడు. ఎక్కువగా పద్దెనిమిది ఇరవై ఏళ్ళ కుర్రాడు. ఊళ్ళో దిగగానే కొబ్బరిచెట్టో వేపచెట్టో ఎక్కి హారను కట్టేవాడు. హారను ఏ దిక్కుకి కట్టాలన్నది చిన్న విషయం కాదు. వియ్యాలవారి విడిది వైపు ఒకటి, ఊరి నడిబొడ్డుకి ఒకటి ఉండాలి. ఈ విషయంలో తగాదాలు కూడా జరిగేవి.

పాటలకి ఒక వరస ఉండేది. తెల్లవారుజామున ఘంటసాల పాడిన వెంకటేశ్వరస్వామి పాట. అది వినపడితే ఆ వీధిలో ఇవాళ శుభకార్యం ఉందని లెక్క. ఆ తరవాత భక్తిపాటలు, ఎండెక్కాక యుగళగీతాలు. పెళ్ళి పీటలమీదికి వచ్చేసరికి ‘సీతారామ కల్యాణం’ (1961) సినిమాలో గాలి పెంచల నరసింహారావు బాణీకట్టగా సుశీల పాడిన కల్యాణపు పాట పడి తీరాలి. అది పడకపోతే పెళ్ళిలో లోటు జరిగినట్టే మాట్లాడేవారు. నాకు దొరికిన ఆ సినిమా ప్లేట్లలో ఒక్కటి కూడా శుభ్రంగా లేదు. ఆ పాట ఉన్నమేర గాడి తెల్లబడిపోయి, ముల్లు పెడితే వర్షం పడుతున్న చప్పుడు వస్తుంది. పక్కనున్న పాటలు మాత్రం బాగానే ఉంటాయి. ఏ పాట ఎన్ని పెళ్ళిళ్ళు చేయించిందో చెప్పడానికి ఇంతకంటే నమ్మకమైన దస్తావేజు నాకు తెలీదు.

ఈ కొట్లవాళ్ళకి ఏడంగుళాల వినైల్ ప్లేటు పెద్ద మేలు చేసింది. నిమిషానికి 45 చుట్లు. ఈపీ రకమైతే పక్కకి రెండేసి, మొత్తం నాలుగు పాటలు. విరగదు, బరువుండదు, సంచీలో అరవై డెబ్బై పట్టేస్తాయి. లక్క ప్లేటుకైతే మూడు నిమిషాలకోసారి తిప్పాలి, ఉక్కు ముల్లు అరిగిపోతుంది గనక కొత్తది బిగించాలి. ఆపరేటరు కుర్రాడు కడుపునిండా భోంచేసింది ఈపీలు వచ్చాకే అని పాతకాలపు ఆపరేటరు ఒకాయన నాతో అన్నారు. బంతిలో కూచుని నాలుగు ముద్దలు తినేలోగా పాట అయిపోతే పెళ్ళిపెద్ద కేకలేసేవాడట. 1960లలో రెండు రకాలూ కలిసి నడిచాయి. ఒకే ప్లేయరులో లక్క ప్లేటుకి లావు ముల్లు, చిన్న ప్లేటుకి సన్న ముల్లు ఉండేవి, మీట తిప్పి మార్చాలి. తొందరలో మర్చిపోయి లావు ముల్లు దింపితే చిన్న ప్లేటు గాడి చెడిపోయేది. అలా పాడైన ‘లవకుశ’ పాటల ప్లేటు ఒకటి నాదగ్గరుంది. 1963లో ఆ సినిమా ఆడిన తీరు తెలిసినవాళ్ళకి, ఆ ప్లేటు పాడుచేసిన కుర్రాడికి ఎన్ని తిట్లు పడి ఉంటాయో తెలుస్తుంది.

అట్టలమీది రాతల సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం రాసీ ప్రయోజనం లేదు. ప్రతి కొట్టూ తన ప్లేట్లు కలిసిపోకుండా నడిమి కాగితం మీద రంగుతో గుర్తు వేసుకునేది: ఎర్ర చుక్క, పసుపు గీత, పొడి అక్షరాలు. ప్లేట్లు ఎరువిచ్చుకోవడం రివాజు కాబట్టి గుర్తుమీద గుర్తు పడ్డవి కూడా ఉన్నాయి. అట్టమీద వరసనంబరు, కొన్న తేదీ, ఒక్కోసారి వెల. ‘మూగమనసులు’ (1964) అట్ట వెనక ఒక ఊరి పేరు, ఎన్ని హారన్లో, రావలసిన బాకీ ఎంతో రాసి, కొట్టేసి ఉంది. బాకీ వసూలైందనే అనుకుంటాను. ‘ప్రేమనగర్’ (1971) అట్టమీద ఒక పాట పేరు పక్కన ఎర్ర పెన్సిలుతో ఇంటూ గుర్తు. మొదట నాకు అర్థం కాలేదు. తరవాత ఆ కొట్టులో పనిచేసినాయనే చెప్పారు. అది విషాద గీతం, పెళ్ళింట్లో పడకూడదు. రెండు పాటలూ ఒకే పక్కన ఉంటాయి గనక మొదటిది అవగానే ముల్లెత్తేయాలని కొత్త కుర్రాళ్ళకి హెచ్చరిక. ఆత్రేయ రాసిన మాటల బలం ఎంతదో తెలిసిన యజమాని పెట్టిన గుర్తది. ఏ పత్రికలోనూ ఏ సినిమా పుస్తకంలోనూ ఇలాంటి వ్యాఖ్యానం దొరకదు.

హైదరాబాదులోనూ చెన్నైలోనూ రికార్డులు కొనే మిత్రులతో నాకు ఇక్కడే పేచీ. వాళ్ళకి గీతలేని ప్లేటు కావాలి, మెరిసే అట్ట కావాలి. రంగు గుర్తున్న ప్లేటుకి ధర సగానికి కోస్తారు. రాతలున్న అట్ట తీసేసి తెల్ల కవరు తొడుగుతారు. పాట బాగా వినపడాలన్న కోరిక తప్పని నేననను. కానీ ఆ పాట మంచి ప్రతి ఇవాళ వేరే మార్గాల్లో హాయిగా దొరుకుతుంది. పెన్సిలు ఇంటూ గుర్తు మాత్రం ఆ ఒక్క అట్టమీదే ఉంది. దాన్ని చెత్తబుట్టలో వేయడం అన్యాయం. శాసనాల రాళ్ళని గోడల్లో పెట్టి కట్టేసుకున్న జాతి మనది. ఇదీ అలాంటి నష్టమే.

మాటల ప్లేట్ల సంగతీ ఒకటుంది. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’ సంభాషణలు ప్లేట్లుగా వచ్చాక మైకుసెట్ల వాళ్ళకి పాటలకంటే వాటికే గిరాకీ ఎక్కువైంది. కొండవీటి వేంకటకవి రాసిన ఆ సమాసాలు బడి మొహం చూడని రిక్షా కార్మికుల నోటివెంట కూడా తప్పులేకుండా వచ్చేవి. తారాపేటలో స్టేషను ముందు రిక్షాలు ఆగేచోట ఇది నేను చెవులారా విన్నాను. డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్ర పద్యాలు కూడా అంతే. కాటిసీనులో జాషువా పద్యాలు ఆ గొంతులో వినిపిస్తే బజారులో నడిచేవాళ్ళు ఆగిపోయేవారు. జాషువాని పుస్తకంలో చదివినవాళ్ళకంటే హారను కింద నిలబడి నేర్చుకున్నవాళ్ళే మా ఊళ్ళో ఎక్కువని నా అంచనా.

1948 డిసెంబరు 1న మొదలైన మా రేడియో కేంద్రం కథ వేరే పెద్ద వ్యాసం. ఇక్కడికి కావలసింది ఒక్కటే. 1952లో కేస్కర్ కేంద్ర సమాచార ప్రసార మంత్రిగా వచ్చాక ఆకాశవాణిలో సినిమా పాటలకి చోటు లేకపోయింది. ఆ కొరతని రేడియో సిలోను తీర్చింది. అక్కడినుంచి తెలుగు పాటలు వినిపించిన మీనాక్షీ పొన్నుదొరై గారి గొంతు మా ఇళ్ళల్లో చుట్టం గొంతులాంటిది. రేడియోలో విన్న కొత్తపాట మర్నాడే మైకుసెట్టు కొట్లో అడిగేవారు. యజమాని మద్రాసుకి కబురుపెట్టేవాడు. మరోవైపు బాలమురళీకృష్ణ గారు మా కేంద్రంలో భక్తిరంజని మొదలుపెట్టి, పొద్దున్నే తత్త్వాలూ కీర్తనలూ వినే అలవాటు ఊరికి చేశారు. ఆయనే తొలి ప్రిన్సిపాలుగా పనిచేసిన ప్రభుత్వ సంగీత కళాశాల ఇప్పుడు ఘంటసాల పేరుతో ఉంది. శాస్త్రీయ సంగీతం నేర్పే బడికి సినిమా పాటల ద్వారా ఇంటింటికీ చేరిన గాయకుడి పేరు పెట్టుకోవడం మా ఊరికే తగింది.

‘శంకరాభరణం’ (1980) ప్లేట్లు ఇంటింటా కొన్నారు. నేను చూసినంతలో అదే ఆఖరి పెద్ద సందడి. తరవాత క్యాసెట్ వచ్చింది. ఆపరేటరు జేబులో నాలుగు పెళ్ళిళ్ళకి సరిపడా పాటలు పట్టాయి. ప్లేట్లు కొన్నాళ్ళు అటకలమీద ఉండి, పాతసామాను కొట్లకి తూకం లెక్కన వెళ్ళాయి. వేడినీళ్ళలో మెత్తబరచి పూలకుండీ అడుగు పళ్ళేలుగా వంచుకున్నవాళ్ళనీ చూశాను. నేను సేకరించడం మొదలుపెట్టింది ఆ తూకం కొట్లలోనే. మా ఊరి ఎండ ఎలాంటిదో చెప్పక్కర్లేదు. మే నెలలో రేకుల షెడ్డులో పడుకోబెట్టిన ప్లేట్లన్నీ గిన్నెల్లా వంగిపోయేవి. వాటిని రెండు దళసరి అద్దాల మధ్య పెట్టి, కాసేపు నులివెచ్చని ఎండ తగిలించి, బరువుకింద చల్లారనిస్తే చాలావరకు సర్దుకుంటాయి. ఎప్పుడైనా ప్లేట్లని నిలబెట్టే ఉంచాలి. ఒకదానిమీద ఒకటి పేర్చకూడదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు ముంచెత్తినప్పుడు సింగ్‌నగర్ వైపు ఇళ్ళలో రోజుల తరబడి నీళ్ళున్నాయి. అక్కడ ఒక మిత్రుడి తండ్రిగారు నడిపిన మైకుసెట్టు ప్లేట్లు కిందిగదిలో పెట్టెల్లో ఉన్నాయి. నీళ్ళు తీశాక మేం కొందరం వెళ్ళి ఆ పెట్టెలు విప్పాం. వినైల్‌కి నీళ్ళవల్ల హాని లేదు. బురదని మామూలు నీళ్ళతో పోగొట్టి, రెండు చుక్కల సబ్బునీళ్ళతో మెత్తటి గుడ్డని గాడి వెంబడే తిప్పుతూ తుడిచి, చివర బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరుతో కడిగితే పాట తిరిగొచ్చింది. లక్క ప్లేట్లకి మాత్రం స్పిరిట్ తగలనివ్వకూడదు, లక్క కరిగిపోతుంది. ప్లేట్లు చాలావరకు బతికాయి. అట్టలన్నీ ముద్దయిపోయాయి. ఇరవై ఏళ్ళ పెళ్ళిళ్ళు, ఊళ్ళు, బాకీలు, ఇంటూ గుర్తులు అన్నీ ఆ ముద్దలో కలిసిపోయాయి. ఆ తండ్రిగారు ఇప్పుడు లేరు కాబట్టి అడిగి మళ్ళీ రాసుకునే వీలూ లేదు.

అప్పటినుంచి మా పద్ధతి మార్చుకున్నాం. ఎవరింట్లో ప్లేట్లు ఉన్నాయని తెలిసినా వాటిని అమ్మమని అడగడం తరవాత. ముందు అట్టలకి రెండువైపులా, నడిమి కాగితానికి ఫోటోలు తీసుకుంటున్నాం. ఏ రంగు గుర్తు ఏ కొట్టుదో పట్టిక తయారవుతోంది. వన్‌టౌన్, గవర్నరుపేట, పటమట కొట్లవి కొంతవరకు తేలాయి. ఆకుపచ్చ రంగులో నెలవంకా దానికింద చుక్కా ఉన్న గుర్తు మాత్రం ఎవరిదో తేలలేదు. ఆ గుర్తున్న ప్లేట్లు కంకిపాడులో దొరికాయి, నది అవతల మంగళగిరిలోనూ దొరికాయి. 1965 నుంచి 1978 దాకా వచ్చిన సినిమాలవి. అట్టలమీద చేతిరాత ఒక్కరిదే, గుండ్రటి రాత, అంకెలు మాత్రం ఎడమవైపుకి వాలి ఉంటాయి. ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కల మైకుసెట్టు నడిపినవాళ్ళు, లేదా వాళ్ళ పిల్లలు ఇది చదివితే, ఆ నెలవంక ఎవరిదో చెప్పమని కోరుతున్నాను.